నేను చేయించిన ఏకగ్రీవం

ఎన్నికలో ఓడిపోయాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు పరామర్శకు వచ్చినట్టు మొహం పెడతారు. "పోనీలెండి సార్, మీ సేవ ఎవరు కాదంటారు" అంటారు. ఆ పరామర్శ నాకు అక్కర్లేదు. ఎనిమిదేళ్లకు పైగా ఒక్క ఓటూ పడకుండా గెలుస్తూ వచ్చినవాణ్ణి నేను. ఓట్లు పడి ఓడిపోవడం అంతకంటే మర్యాదైన సంగతి. సిగ్గుపడాల్సింది ఆ గెలుపుల్లో చివరిదానికి. దాని గురించే రాస్తున్నాను. రాయొద్దన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు చెప్పే రాస్తున్నాను.

రాజమండ్రిలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పన్నెండేళ్ల కిందట ఒక వేసవి సెలవుల్లో, తెలుగులో టైపు చేసేవాళ్ల అక్షరదోషాలు పట్టుకునే ప్రోగ్రాం రాసి ఇంటర్నెట్‌లో పెట్టాను. జాబితాలో లేని మాట కనబడితే దాని కింద ఎర్ర గీత వేస్తుంది. గీత మీద నొక్కితే, ఇదా మీరు రాయబోయింది అని దగ్గరి మాటను చూపిస్తుంది. ఓపెన్ సోర్స్ పద్ధతిలో పెట్టాను. అంటే లోపలి కోడు అందరికీ కనబడుతుంది, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, చేసిన మార్పు బాగుందనుకుంటే మాకు పంపవచ్చు. జీతాలు లేవు, ఆఫీసు లేదు. మెల్లగా టీచర్లు, డీటీపీ వాళ్లు, కాలేజీ పిల్లలు, రిటైరైన ఉద్యోగులు కలిసి యాభై మంది దాకా అయ్యారు. మనుషులు పెరిగాక నియమావళి ఉండాలన్నారు. పెద్ద పెద్ద ప్రాజెక్టుల నియమాలు చదివి నేనే రాశాను. రెండేళ్లకోసారి లీడ్ పదవికి ఎన్నిక. పోటీ చేసేవాళ్లకు ఇద్దరు ప్రతిపాదకులు ఉండాలి. ఒక్క నామినేషనే ఉంటే ఓటింగ్ అక్కర్లేదు.

లీడ్ అంటే చేతిలో ఏముంటుందని అడుగుతారు. బయటివాళ్లకు అది ఏమీ కాదు. మాకు మాత్రం అదే అంతా. ఎవరు పంపిన మార్పునైనా అసలు ప్రోగ్రాంలో కలిపేది లీడే. ఏ మాట జాబితాలోకి రావాలి, ఏది రాకూడదు అన్నది చివరికి తేల్చేది లీడే. అంటే, ఏది తెలుగు మాట అన్నది నేను చెప్పాలి. ఆ సంగతి ఇంత సూటిగా అప్పట్లో ఎప్పుడూ అనుకోలేదు. అనుకుని ఉంటే కొంచెం భయపడేవాణ్ణేమో.

మొదటి నాలుగుసార్లు నిజంగానే ఇంకెవరూ ముందుకు రాలేదు. ఏకగ్రీవం, ఏకగ్రీవం అని గర్వంగా చెప్పుకున్నాను. ఐదోసారి ఒకావిడ వచ్చింది.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఒక ఊరు ఆవిడది. ఇంట్లో మగవాళ్లందరూ చేపల వేటకెళ్లేవాళ్లే. ఆవిడ మాత్రం డిగ్రీలో కంప్యూటర్లు చదివి ఆ ఊరి సచివాలయంలోనే డిజిటల్ అసిస్టెంటుగా చేస్తోంది. ఊళ్లో వాళ్లకు అర్జీలు టైపు చేసి పెట్టడం ఆవిడ పనుల్లో ఒకటి. నది సముద్రంలో పడే నోటిని ఆ తీరంలో మొగ అంటారు. అక్కడ ఇసుక మేట వేసి బోట్లు తిరగడం కష్టమైందని ఊరంతా సంతకాలు పెట్టి, "మొగ దగ్గర పూడిక తీయించవలెను" అని అర్జీ రాయించుకున్నారు. మా ప్రోగ్రాం మొగ కింద ఎర్ర గీత వేసింది, మొగ్గ అని చూపించింది. దిద్దుబాట్లన్నీ ఒకేసారి ఒప్పుకునే బటన్ ఉంటుంది. తొందరలో ఆవిడ అది నొక్కేసింది. పై ఆఫీసు నుంచి కాగితం తిరిగొచ్చింది. మార్జిన్‌లో పెన్సిల్‌తో ఎవరో రాశారట: "ఏ మొగ్గ? మల్లెమొగ్గా, మందారమా?"

నాది కడియం పక్క ఊరు. చుట్టూ నర్సరీలు. పుట్టి బుద్ధెరిగాక నా చెవిన పడ్డ మాటల్లో సగం మొక్క, మొగ్గ, అంటు, కుండీ. మొగ్గ జాబితాలో మొదటి వారంలోనే చేరింది. మొగ అనే మాట ఒకటుందని నాకు తెలియదు.

ఆవిడ మాకు తిట్టుకుంటూ ఉత్తరం రాయలేదు. ఆర్నెల్లు కూర్చుని తీరం మాటలు ఆరు వందలు పోగుచేసి, ప్రతి మాటకూ అర్థం, వాడుక, చెప్పినవాళ్ల వయసు రాసి పద్ధతిగా పంపింది. "పరిశీలనలో ఉంది" అని జవాబిచ్చాను. ప్రభుత్వ కాగితాలతో రోజూ పని ఉన్న మనిషికి ఆ మాటకు అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఎనిమిది నెలలు పరిశీలనలోనే ఉంచాను. చదవలేదు కూడా. ఆ తర్వాతి ఎన్నికలో ఆవిడ నామినేషన్ వేసింది. మాటల మీద నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండకూడదు, ప్రతి మార్పునూ ఇద్దరు చూడాలి, నెలలోగా అవునో కాదో చెప్పాలి, కాదంటే ఎందుకో రాయాలి. ఆవిడ పెట్టిన మాట అదొక్కటే.

ఆవిడ ప్రతిపాదకుల్లో ఒకడు నా పాత విద్యార్థి. నిడదవోలులో రైల్వే ఉద్యోగం. గడువు ఆ రోజు సాయంత్రంతో అయిపోతుంది. మధ్యాహ్నం భోజనం చేసి వాడికి ఫోన్ చేశాను.

"ఏరా, నామినేషన్ల పేజీలో నీ పేరు చూశాను."

"ఆయ్ సార్. ఆవిడ అడిగారండి. పని బాగా చేస్తున్నారు కదా అని..."

"మంచిదే. నేను కాదనట్లేదు. కాకపోతే ఇన్నేళ్లూ ఏకగ్రీవంగా నడిచింది. ఇప్పుడు ఓట్లంటే రెండు వర్గాలవుతాం. నీకు తెలియనిదేముంది."

వెనకాల ప్లాట్‌ఫారం మీద ఏదో రైలు గురించి చెబుతున్నారు.

"మరి ఏం చేయమంటారు సార్?"

"నేనేమీ చేయమనట్లేదురా. ఆలోచించుకో."

ఆలోచించుకో అంటే మా వైపు ఏమిటో వాడికి తెలుసు, నాకూ తెలుసు. నాలుగు గంటలకు వాడు తన పేరు వెనక్కి తీసుకున్నాడు. ఐదింటికి గడువు ముగిసింది. ఒక్క ప్రతిపాదకుడే మిగిలాడు కాబట్టి ఆవిడ నామినేషన్ చెల్లలేదు. నియమావళి ప్రకారం అంతా సక్రమంగానే ఉంది. ఆ నియమావళి రాసింది నేనే కదా.

ఈ విద్య నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు, ఊళ్లో లూథరన్ సంఘానికి ఇరవై ఏళ్లు సెక్రటరీ. సంఘ కమిటీకి పోటీ వచ్చినప్పుడల్లా ఇద్దరినీ మా వరండాలోకి పిలిచేవారు. టీ ఇచ్చాక ప్రార్థన. ప్రార్థన అయ్యాక, ఇంకా ఎవరూ కళ్లు పూర్తిగా తెరవకముందే, "సంఘంలో చీలిక దేవుడికి ఇష్టమంటారా?" అని మెత్తగా అడిగేవారు. ఒకరు తప్పుకునేవారు. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. నా ఉద్యోగం కొత్తలో సెలవులకు వెళ్లినప్పుడు ఇది రెండుసార్లు చూశాను, మా నాన్న ఎంత నేర్పరి అనుకున్నాను. తప్పుకున్నది రెండుసార్లూ నర్సరీల్లో కూలికెళ్లే ఇంటివాళ్లే. మిగిలింది టీచర్లూ గుమాస్తాలూ. అది నాకు అప్పుడు కనబడలేదు. కనబడలేదనడం కూడా అబద్ధమే. కనబడింది, పట్టించుకోలేదు.

మర్నాడు ఆవిడ ఫోన్ చేసింది.

"సార్, మా ప్రతిపాదకుడితో మీరేమన్నా మాట్లాడారా అండి?"

"లేదమ్మా."

"లేదా అండి."

"లేదు. ఏమైంది?"

"ఏం లేదండి. అడిగానంతే. ఉంటానండి."

ఇంతే సంభాషణ. ఇది జరిగి ఏడాది దాటింది. ఎన్ని విధాలుగా తిప్పి చూసుకున్నా ఆ "లేదమ్మా" పక్కన పెట్టడానికి నాకు ఒక్క సాకూ దొరకలేదు. అమ్మా అని కూడా అన్నాను.

తర్వాతి నెలలో రాజమండ్రిలో మా వార్షిక సమావేశం. తునిలో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మాస్టారు ఒకాయన మా ప్రాజెక్టుకు పెద్దదిక్కు. ఆయనకు ప్రోగ్రాం రాయడం రాదు గాని, వ్యాకరణం మీద సందేహం వస్తే అందరూ ఆయన్నే అడుగుతాం. ఆయన లేచి, "గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే అందరిదీ ఒకటే మెడ, ఒకటే గొంతు. ఆ మెడకు ఈ శాలువా" అని నాకు కప్పారు. చప్పట్లు కొట్టారు. ఆవిడ మూడో వరుసలో కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టలేదు. లేచి వెళ్లిపోనూ లేదు. సమావేశం అయ్యేదాకా అలాగే కూర్చుని, కుర్చీలు సర్దడంలో సాయం చేసి, బస్సుకు వెళ్లింది.

ఇంటికొచ్చి శాలువా సంగతి, మాస్టారు చెప్పిన అర్థం మా ఆవిడకు చెప్పాను. ఆ ఫోన్ సంగతి అంతకుముందే తెలుసు తనకు. నేను మాట్లాడుతుంటే పక్కనే ఉంది.

"అందరిదీ ఒకటే మెడ అన్నారా?"

"అన్నారు."

"మరి ఆ మెడ పట్టుకున్నదెవరో చెప్పలేదా? మీ నాన్నగారు టీ అయినా ఇచ్చేవారు."

నేను కోప్పడ్డాను. అన్నం దగ్గర ఇవేం మాటలన్నాను. తను మజ్జిగ పోసింది.

మా ఆరాధనలో మొదట పాపపు ఒప్పుకోలు ఉంటుంది. అందరూ కలిసి చెబుతారు. చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను, నోటికి అలవాటైపోయింది. సమావేశం జరిగిన తర్వాతి ఆదివారం ఆ మాటలు చెబుతూంటే, మేము, మేము అని వస్తోందే, ఇందులో నేను ఎక్కడున్నాను అనిపించింది. మేము అంటే గుడిలో రెండు వందల మంది. రెండు వందల మందిలో నా వంతు ఎంత పడుతుంది. మధ్యలో ఆపేశాను. పక్కనున్న మా ఆవిడ పుస్తకం నా ముందుకు జరిపింది, చోటు తప్పాననుకుని.

ఆ మధ్యాహ్నం, ప్రాజెక్టులో అందరికీ ఒకేసారి చేరే మెయిలింగ్ లిస్టుకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మొదటి ప్రతిలో "ఎన్నిక ప్రక్రియలో కొన్ని పొరపాట్లు జరిగాయి" అని రాశాను. తెలుగులో ఎంత వాటమైన క్రియాపదం అది, జరిగాయి. వాన కురిసినట్టు, పొద్దు గుంకినట్టు. చేసినవాడు అక్కర్లేదు. మా ప్రోగ్రాం ఒక్క ఎర్ర గీత కూడా వేయలేదు. అబద్ధానికి అక్షరదోషాలు ఉండవు మరి. రెండో ప్రతిలో "మా వల్ల పొరపాటు జరిగింది" అని రాశాను. అదీ కొట్టేశాను. నాలుగో ప్రతికి నాలుగు వాక్యాలు మిగిలాయి. నేను ప్రతిపాదకుడికి ఫోన్ చేసి వెనక్కి తగ్గేలా చేశాను. ఆవిడ అడిగితే చేయలేదని అబద్ధం చెప్పాను. నా ఎన్నిక చెల్లదు. మళ్లీ ఎన్నిక పెట్టాలి.

పంపే ముందు నిడదవోలు కుర్రవాడికి, కుర్రవాడంటున్నాను గాని వాడికి నలభై వచ్చాయి, చదివి వినిపించాను. తప్పు నాదిరా, నీ పేరు రాయలేదు అన్నాను.

"రాసినా పర్లేదు సార్" అన్నాడు. మళ్లీ తనే, "మీరు అడిగారని కాదండి నా బాధ. మీరు అడిగితే నేను కాదనలేనని తెలిసి అడిగారు. అదండి" అన్నాడు.

ఉత్తరం పంపేశాను.

గంటలో తుని మాస్టారు ఫోన్.

"ఏంటండీ ఇది? ఎవరడిగారు మిమ్మల్ని?"

"ఆవిడ అడిగారండి. నెల క్రితమే అడిగారు."

"ఆవిడ ఊరుకుంది కదా. కొత్త వెర్షన్ వచ్చే టైములో బజారున పెట్టుకోవడం దేనికి? ఒక పని చేద్దాం. ఆవిణ్ణి కూడా లీడ్‌ని చేసేద్దాం. మీరూ ఉండండి, ఆవిడా ఉంటుంది. ఏకగ్రీవంగా తీర్మానం చేసేస్తే గొడవుండదు."

"మళ్లీ ఏకగ్రీవమా అండీ?"

"మంచికేనండీ."

"మొన్నటిది కూడా మంచికే అనుకున్నానండి."

ఆయన నొచ్చుకున్నారు. నాతో వారం రోజులు మాట్లాడలేదు. మిగతావాళ్లలో చాలామంది ఆయన వైపే. సార్ పెద్దమనసు, సార్ నిజాయితీ అంటూ నన్ను పొగుడుతూనే, ఎన్నిక మాత్రం వద్దన్నారు. తప్పు చేసినవాడు తప్పు చేశానని చెబితే పొగడ్తలొస్తాయని అప్పుడే తెలిసింది. నిజం చెప్పాలంటే, అందులో నాకు కొంచెం సుఖంగానే ఉంది. ఇంకో రెండు రోజులు అలాగే నడిస్తే మళ్లీ శాలువా దాకా వచ్చేదేమో.

ఆవిడ జవాబు లిస్టులో మూడు రోజులకు వచ్చింది. "క్షమాపణ చూశానండి. దాంతో నా నామినేషన్ తిరిగి రాదు. జంట పదవి నాకొద్దు. ఎన్నిక పెట్టండి." కింద పేరు, అంతే.

నేను ఫోన్ చేశాను. ఎన్నిక పెడతానని, ఆవిడ నిలబడితే నేను తప్పుకుంటానని చెప్పాను. అది చెప్పేటప్పుడు గొంతులో కాస్త త్యాగం ధ్వనించి ఉండాలి.

"ఎందుకండీ తప్పుకోడం?"

"నాకు అర్హత లేదమ్మా. మీరే చూసుకోండి."

"మీరు తప్పుకుంటే ఇంకెవరూ నిలబడరండి. మీరు పక్కకి జరిగారని మాస్టారు గారు నాకు శాలువా కప్పుతారు. అప్పుడు నేనూ ఏకగ్రీవమే కదండీ."

"అయితే ఏం చేయమంటారు?"

"ఆలోచించుకోండి, అని నేననను." నవ్విందో లేదో తెలియలేదు. ఆ మాట నిడదవోలు వాడు తనకు చెప్పాడన్నమాట. "నిలబడండి. ఓడిపోడానికి కాదు, గెలుద్దామనే నిలబడండి. మీరు జాలిపడి ఇచ్చింది నేను తీసుకోనండి. మాటల గురించి మీరు ఇన్నాళ్లూ ఏమనుకున్నారో అది అందరి ముందూ చెప్పండి. నేననుకున్నది నేను చెబుతాను."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కోపంగా ఉన్నాను. తప్పు ఒప్పుకున్నాను, పదవి వదులుకుంటున్నాను, ఇంకా ఏం కావాలి ఈవిడకు అనుకున్నాను. తర్వాత అర్థమైంది. వదులుకోవడం కూడా నా చేత్తో ఇవ్వడమే. ఆవిడకు నా చేతిలోంచి ఏదీ అక్కర్లేదు.

నిలబడ్డాను. తప్పు చేసినవాడు గౌరవంగా తప్పుకోవాలి గాని మళ్లీ పోటీ ఏంటి అని ఈసారి అందరూ అన్నారు. కాలేజీలో ఒక సహోద్యోగి, "సిగ్గు లేదా అని అడుగుతారేమో సార్" అన్నాడు. ఉంది, అందుకే నిలబడుతున్నా అన్నాను. అతనికి అర్థం కాలేదు. అర్థం చేయించే ఓపిక నాకు లేకపోయింది.

ఓటింగ్‌కు ముందు ఆదివారం మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో ఇద్దరి మాటా వినే సమావేశం పెట్టారు. నేను నమ్మినదే చెప్పాను. జాబితాలో ప్రతి కొత్త మాటా ఒక తప్పును దాచిపెడుతుంది. మొగ చేర్చామనుకోండి, రేపు కడియంలో నర్సరీ ఆయన బిల్లు పుస్తకంలో మొగ్గ బదులు మొగ అని కొడితే మన ప్రోగ్రాం నోరు మూసుకుంటుంది. అందుకే అచ్చులో కనబడిన మాటలే తీసుకోవాలన్నాను. ఇది నేను ఓట్ల కోసం చెప్పింది కాదు, ఇప్పటికీ నా అభిప్రాయం ఇదే.

ఆవిడ సెలవు రోజైనా సచివాలయంలో కూర్చుని మాట్లాడింది, వెనకాల గోడకు పథకాల పోస్టర్లు.

"సార్ అచ్చు అంటున్నారండి. మా వాళ్లు అచ్చు వేసుకోలేదు. అచ్చు వేసినవాళ్లు మా ఊరు రాలేదు. ఇంక మొగ ఎక్కడ కనబడుద్దండి?"

"అలాగని విన్న ప్రతి మాటా పెట్టేస్తే, తప్పులు పట్టే ప్రోగ్రాం ఎందుకమ్మా?" అన్నాను.

"ప్రతి మాటా పెట్టమన్లేదండి. ఇద్దరు చూడమన్నాను. మొక్కల వాళ్లకి ఒక మొగ్గ పోతే ఇంకో మొగ్గేస్తదండి. మాకున్నది ఒకటే మొగ."

మైకులు ఆపుకుని ఉన్నా నవ్వులు తెర మీద కనబడ్డాయి. నేనూ నవ్వాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "పోటు, పాటు రెండూ ఉన్నాయా అమ్మా నీ జాబితాలో?" అని అడిగారు. సముద్రం నీరు పొంగి పైకి రావడం, తీసి వెనక్కి పోవడం. "ఉన్నాయండి, నూట పన్నెండు, నూట పదమూడు" అంది చూడకుండానే. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా ఆ కాగితం తెరిచి ఉంటే నాకూ ఆ అంకెలు తెలిసేవి.

ఓటింగ్ వారం రోజులు. రహస్య ఓటు, లెక్క సాఫ్ట్‌వేరే పెడుతుంది. ఆ వారంలో నేను ఎవరికీ ఫోన్ చేయలేదని గొప్పగా చెప్పుకోను. చేయబుద్ధయింది. రెండుసార్లు ఫోన్‌లో పేర్లు పైకీ కిందకీ జరిపి పెట్టేశాను.

సోమవారం ల్యాబ్ క్లాసు మధ్యలో ఫలితం వచ్చింది. ఆవిడకు ఇరవై నాలుగు, నాకు పందొమ్మిది. అంత చేశాక కూడా పందొమ్మిది మంది నాకు వేశారు. అది సంతోషించాల్సిందో, ప్రాజెక్టు గురించి బెంగపడాల్సిందో తేల్చుకోలేకపోయాను. నిడదవోలు నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, చూశారా?"

"చూశాను. నువ్వెవరికి వేశావని అడగన్లే."

"అడిగినా చెప్పనండి."

ఆ రోజు నాకు బాగా అనిపించిన మాట అదొక్కటే. వాడు నాకు కాదని చెప్పడం అదే మొదటిసారి.

అనుమతులు మార్చడానికి పెద్ద పనేం లేదు. పేజీలో నా పేరు పక్కన ఉన్న లీడ్ అన్న మాట ఆవిడ పేరు పక్కకు వెళ్లాలి. నేనే నొక్కాలి. నిజంగా మార్చాలా అని మిషను అడిగింది. మార్చాలన్నాను. నొక్కిన తర్వాత కాసేపు ఏం చేయాలో తోచలేదు. అన్నేళ్లూ పొద్దున లేవగానే మొదట తెరిచిన పేజీ అది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. మావాళ్లు ఊరుకోరు కదా. పది రోజులకు మాస్టారు లిస్టులో ఒక తీర్మానం పెట్టారు. వ్యవస్థాపకులైన నన్ను ప్రాజెక్టుకు శాశ్వత గౌరవ అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకోవాలట. నన్ను ముందు అడగలేదు. తీర్మానాల మీద ఓటు బహిరంగం, ఎవరి పేరు పక్కన వారి మాట కనబడుతుంది. అనుకూలం, అనుకూలం, అనుకూలం అని వరస పడిపోతోంది. ఓడిపోయినవాణ్ణి ఓడిపోయినట్టు ఉండనివ్వరు. మెడ వంచి ఏదో ఒకటి వేయించుకోవాల్సిందే.

మాస్టారికి ఫోన్ చేశాను.

"వద్దండీ మాస్టారూ. తీసేయండి."

"మర్యాదండీ ఇది. మీరు మొహమాటపడకండి."

"మొహమాటం కాదండి. ఇన్నాళ్లూ నేనే మొహమాటపెట్టాను జనాన్ని. నాకిప్పుడు ఒక్క ఓటు చాలు. మీకెంతో నాకూ అంతే. రెండేళ్ల తర్వాత మళ్లీ ఆ పదవికి నిలబడతాను, గౌరవ అధ్యక్షుడైతే నిలబడనివ్వరు."

"మళ్లీ నిలబడతారా?" నిజంగానే ఆశ్చర్యపోయారు.

"నా అభిప్రాయం మారలేదు కదండీ. పద్ధతే మారింది."

ఆయన తీయలేదు. నేను పేజీ తెరిచి నా పేరు పక్కన వ్యతిరేకం అని రాశాను. నా గౌరవానికి నేనే వ్యతిరేకం. పిచ్చి పట్టిందంటారని తెలుసు. అననివ్వండి. ఒక్క వ్యతిరేకం పడితే ఏ కొంపా మునగదని, ఎవరి మెడా తెగదని ఆ వరసలో ఒకచోట కనబడాలి. అది నా పేరు పక్కనే కనబడాలి.

మర్నాడు కాలేజీకి బయల్దేరుతుంటే కొత్త లీడ్ ఫోన్ చేసింది.

"సార్, తీర్మానం చూశారా అండి?"

"చూశానమ్మా. నేను వ్యతిరేకం రాశాను."

"తెలుసండి. మీదొక్కటే కాదు, రెండున్నాయి."

"రెండోది ఎవరిది?"

"నాదేనండి. మీకిప్పుడు గౌరవం ఎందుకండీ? జవాబులు చెప్పాల్సిన తప్పుల రిపోర్టులు నలభై ఉన్నాయి. అందులో పదకొండు మీరు రాసిన కోడులోవే. చూస్తారా?"

ఏకగ్రీవం కాని గౌరవం ఏం గౌరవమని మాస్టారు ఆ సాయంత్రం తీర్మానం వెనక్కి తీసుకున్నారు. నేను స్టాఫ్ రూంలో కూర్చుని పదకొండు రిపోర్టుల్లో మొదటిది తెరిచాను. నా తప్పే. దిద్ది పంపాను. ఇద్దరు చూసి ఒప్పుకుంటేనే లోపలికి వెళుతుంది. ఒకరు ఒప్పుకున్నారు. రెండోవారు కాదని, ఎందుకో నాలుగు లైన్లలో రాశారు. మొదటి మూడు లైన్లూ సరైనవే. నాలుగోదాంతో మాత్రం నేను ఏకీభవించలేదు. ఆ సంగతి కిందనే రాశాను, నా పేరుతో.